తోడు

కిందటి సంక్రాంతి సెలవులకు ఉయ్యూరు దగ్గరి మా ఊరు వెళ్తూ సెమినార్ కాగితాలు కూడా సంచిలో పడేసుకున్నాను. పగలంతా కుప్పనూర్పుల హడావుడి. చదువు సాగేది రాత్రిపూట వంటింటి గుమ్మంలోనే. పుట్టింటికి వచ్చిన అక్కయ్య పాలు తోడువేస్తూ, "ఏం చదువుతున్నావురా?" అంది.

"తోడు గురించే అక్కా!"

హాస్యానికన్న మాట కాదు. టీకామందు ఒక్కటే వేస్తే శరీరం ఒక్కోసారి పట్టించుకోదు. దాన్ని తట్టిలేపే సహాయద్రవ్యం కావాలి. దాన్నే అడ్జువెంట్ అంటారు. 1920లలో ఫ్రాన్సులో రామోన్ అనే శాస్త్రవేత్త గుర్రాలకిచ్చే టీకాలో సగ్గుబియ్యం కూడా కలిపి చూశాడట! తర్వాత ఫ్రాయిండ్ చంపిన క్షయ బాక్టీరియాను నూనెలో కలిపాడు. యాంటీబాడీలు దండిగా పుట్టాయి గాని సూది గుచ్చినచోట పుండ్లు లేచేవి. మనుషులకు పనికిరాదు.

నా పేపరు గర్భనిరోధక టీకా మీద. హెచ్.సి.జి. అనేది గర్భం నిలవడానికి పిండం తయారుచేసే హార్మోను. శరీరం దాన్ని తనదే అనుకుంటుంది, ఎదిరించదు. అందుకని ఢిల్లీలో జి.పి. తల్వార్ గారి బృందం 1970లలో దాన్ని ధనుర్వాతం టాక్సాయిడ్‌కు ముడిపెట్టింది. తర్వాత స్త్రీలమీద జరిపిన పరీక్షల్లో మొదటి ఇంజెక్షన్‌కు తోడుగా సాల్మొనెల్లా బాక్టీరియా నుంచి తీసి, విషం తగ్గించిన పదార్థం వాడారు. 1994లో వచ్చిన ఫలితాల్లో 148 మందిలో 119 మందికి చాలినన్ని యాంటీబాడీలు వచ్చాయి. అవి చాలినంత ఉన్న 1224 నెలసరుల్లో గర్భం వచ్చింది ఒక్కసారే. యాంటీబాడీలు తగ్గిపోతే మళ్ళీ పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది.

అక్కయ్య గరిట పక్కన పెట్టింది. ఆవిడకిద్దరు పిల్లలు. ఆపరేషన్ చేయించుకోమని అత్తగారింట్లో పోరు. ఇక మళ్ళీ వద్దనుకున్నా, శాశ్వతంగా అంటే గుండె ఒప్పుకోవడంలేదు.

"మిగతా ఇరవై తొమ్మిది మంది?"

"వాళ్ళకి చాలలేదు."

"వాళ్ళలో నేనుంటే నాకెట్లా తెలుస్తుందిరా?"

"రక్తపరీక్ష చేస్తారు. తగ్గితే మళ్ళీ ఇంజెక్షన్."

"అంటే ఎప్పుడుబడితే అప్పుడు బందరు రోడ్డు బస్సెక్కి బెజవాడ వచ్చి రక్తమివ్వాలా?"

నా దగ్గర సమాధానం లేదు. టీకా కూడా ఇంతవరకూ బజారులోకి రానేలేదు. 2011లో హార్మోను ముక్కకు ఇ.కోలై విషంలోని హానిలేని భాగాన్ని అతికించి, తోడుగా మైకోబాక్టీరియం ఇండికస్ ప్రాణీ అనే బాక్టీరియాను కలిపి ఎలుకలకిస్తే యాంటీబాడీలు బాగా పెరిగాయి. కుష్ఠుకు చికిత్సగా వాడిన బాక్టీరియాయే అది. ఆ సంగతి చెప్తే, "ఎలుకలన్నిటికీనా?" అంది.

తెల్లారి చూస్తే పెద్ద గిన్నెలో పెరుగు గడ్డకట్టింది, కిటికీ దగ్గర పెట్టిన చిన్న గిన్నెలో నీళ్ళలాగే ఉంది. అవే పాలు, అదే తోడు!

సెమినార్లో ఏ అడ్జువెంట్ మేలో తేల్చమన్నారు. బల్లమీద పట్టిక గీసి, సగటు గడి పక్కన ఇంకో గడి గీశాను: అందరికన్నా తక్కువ యాంటీబాడీలు వచ్చిన జంతువుకి ఎన్ని వచ్చాయని. ఆ గడి చాలావరకు ఖాళీగానే ఉంది. నేను చదివిన కాగితాల్లో సగటులే ఎక్కువ. తోడును ఎంచాల్సింది ఆ గడి చూసే అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. లెక్చరర్‌గారు మాత్రం ఆ గడి చెరపవద్దన్నారు.

ఫాల్గుణంలో అక్కయ్య ఆపరేషన్ చేయించుకుంది. చూడ్డానికి వెళ్తే మంచంమీంచే, "నీ తోడుకి మార్కులెన్నొచ్చాయిరా?" అంది.