థమ్సప్ పెట్టి వదిలేసిన పాట

కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతా. రోజూ ఇదే రూటు. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట మెట్ల మీద జనాన్ని చూస్తే జాతర గుర్తొస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ లేకపోతే నా వల్ల కాదు. పక్కవాళ్లు రీల్స్ సౌండ్ పెట్టి మరీ చూస్తారు కదా!

2017 నవంబరులో ఈ మెట్రో మొదలైనప్పుడు మేం బీటెక్ ఫైనలియర్. నేనూ మా రూమ్మేటూ పని లేకపోయినా మియాపూర్ నుంచి నాగోల్ దాకా వెళ్లొచ్చాం. ఒకటే ఇయర్‌ఫోన్స్, చెరో చెవిలో ఒకటి. పాట పెట్టేది వాడే. హాస్టల్లో అందరికీ షేరిట్‌లో పాటలు పంచేదీ వాడే. కాకపోతే వాడికో రూలుండేది. ‘పాట ఇస్తే ఎందుకిస్తున్నావో చెప్పాలి మామా. లేదంటే అది గుడ్ మార్నింగ్ మెసేజ్‌తో సమానం.’

తర్వాత వాడు ఎమ్మెస్‌కి బోస్టన్ వెళ్లాడు. చదువు, ఉద్యోగం, రెండూ అక్కడే. అమెరికాలో మొట్టమొదటి సబ్‌వే ఆ ఊళ్లోనే, 1897లో వచ్చింది. మన మెట్రో పిల్లర్ల మీద పోతుంది, వాడిది నేల కింద. అందుకని రైలు పాటలు వెతికి పంపేవాడు. మొదట పంపింది డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం 1941లో రికార్డు చేసిన ‘టేక్ ది ఏ ట్రైన్’. ఎల్లింగ్టన్ తన ఇంటికి ఎలా రావాలో బిల్లీ స్ట్రేహార్న్ అనే కుర్రాడికి చెప్తే, అతను ఆ దారినే పాట కట్టేశాడట. న్యూయార్క్‌లో హార్లెమ్‌కి పోయే రైలు అది. ‘మనం లొకేషన్ షేర్ చేస్తాం, వాళ్లు పాట చేసుకున్నారు చూడు’ అని రాశాడు.

మొదట్లో అన్నీ విన్నా. తర్వాత రిలీజులు, రాత్రి కాల్సు, మా అక్క పెళ్లి... లింక్ రాగానే థమ్సప్ పెట్టి వదిలేసేవాణ్ణి. వాడూ కారణాలు రాయడం మానేశాడు.

పోయిన వానాకాలంలో కింగ్‌స్టన్ ట్రియో పాడిన ‘ఎం.టి.ఎ.’ పంపాడు. ఒక్క ముక్క రాయలేదు. నేనూ థమ్సప్ పెట్టేశా.

పది రోజులకి ఇంకో క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పాడు, వీడి ఉద్యోగం పోయిందని. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ పేపర్లు వేయాలి, లేదా సర్దుకోవాలి.

మర్నాడు రైల్లో ఆ పాట విన్నా. చార్లీ అనేవాడు పది సెంట్లు కట్టి బోస్టన్ సబ్‌వే ఎక్కుతాడు. దిగాలంటే ఇంకో అయిదు సెంట్లు అడుగుతారు. జేబులో లేవు. ఇక దిగలేడు, తిరుగుతూనే ఉంటాడు. వాళ్లావిడ రోజూ స్టేషన్‌కొచ్చి కదిలే రైలు కిటికీలోంచి శాండ్‌విచ్ అందిస్తుంది. 1949లో టికెట్ రేటు పెంచినందుకు వాల్టర్ ఓబ్రయన్ అనే మేయర్ అభ్యర్థి ప్రచారం కోసం రాసిన పాట. ఆయన ఓడిపోయాడు, పాట బతికింది. ఇప్పుడు ఆ ఊరి మెట్రో కార్డు పేరే చార్లీకార్డ్. ట్యూన్ మాత్రం భలే హుషారుగా ఉంటుంది. అదే నాకు తట్టుకోవడం కష్టమైంది.

చూసుకునేసరికి అమీర్‌పేట దాటేసి ఖైరతాబాద్‌లో ఉన్నా. దిగి, ప్లాట్‌ఫామ్ మీదే ఫోన్ చేశా. అక్కడ అర్ధరాత్రి. మొదటి రింగుకే ఎత్తాడు.

‘పాట ఇప్పుడు విన్నాన్రా.’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. ‘చార్లీకి శాండ్‌విచ్ ఇచ్చే పెళ్లామైనా ఉంది మామా.’

ఇంట్లో చెప్పలేదట. వాళ్ల నాన్న ఎడ్యుకేషన్ లోన్‌కి ఇల్లు తాకట్టు పెట్టారు, ఏమని చెప్తాడు? రోజూ ఆఫీసు టైముకే తయారై రైలెక్కి, లైబ్రరీలో కూర్చుని అప్లికేషన్లు పెడుతున్నాడట. ఆ రోజు నుంచి మా స్టాండప్ అయ్యాక, వాడికి నిద్ర పట్టని టైములో, ఇద్దరం ఇంటర్వ్యూ ప్రశ్నలు ప్రాక్టీస్ చేశాం. సిస్టమ్ డిజైన్‌లో నేను వాడికన్నా వీక్. అయినా అడగడానికి ఒక మనిషి కావాలి కదా.

గడువు ఇంకో ఎనిమిది రోజులుందనగా టెక్సాస్ కంపెనీ ఒకటి పేపర్లు వేసింది. ఇప్పుడు కార్లో ఆఫీసుకెళ్తున్నాడు. చార్లీకార్డ్ పర్సులోనే ఉందట.

నేను మా పాత చాట్ పైకి జరుపుకుంటూ పోయి వినకుండా వదిలేసినవి లెక్కపెట్టా. నలభై ఒకటి తేలాయి. పొద్దున రైల్లో రోజుకొకటి విని, ‘ఇదెందుకు పంపావ్‌రా’ అని అడుగుతున్నా. సగం వాటికి వాడికీ గుర్తులేదు.