గ్లాసు ఎవరి ముందు పెడతారు?

1806 మే నెలలో అమెరికాలోని హడ్సన్ పట్టణం నుంచి వెలువడే ఒక పత్రికను, కాక్‌టెయిల్ అంటే ఏమిటని ఒక పాఠకుడు అడిగాడు. మద్యం, పంచదార, నీళ్లు, చేదు మూలికల సారం కలిపిన పానీయమని సంపాదకుడు బదులిచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. ఎన్నికల ప్రచారానికి ఇది దివ్యంగా పనికివస్తుందనీ, ఒక గ్లాసు మింగినవాడు ఆ తర్వాత దేన్నయినా మింగగలడనీ ప్రత్యర్థి పక్షాన్ని ఎద్దేవా చేశాడు. కాక్‌టెయిల్‌కు అచ్చులో దొరికే తొలి నిర్వచనం ఇదేనని చెబుతారు. అంటే రాజకీయం ఆ గ్లాసులోకి తర్వాతెప్పుడో వచ్చి చేరింది కాదు, మొదటినుంచీ అందులోనే ఉంది.

గొప్ప బార్ అంటే ఏమిటన్న ప్రశ్నకు రుచి తెలిసినవారు చెప్పే జవాబు సబబైనదే. కొలత తప్పకూడదు. ముప్పై మిల్లీలీటర్లంటే ముప్పై మిల్లీలీటర్లే. మంచుగడ్డ కరిగి చేరే నీరు కూడా పానీయంలో భాగమే కనుక ఎంతసేపు కలపాలో కలిపేవాడి చేతికి తెలిసి ఉండాలి. పులుపూ తీపీ ఒకదాన్నొకటి మింగేయకూడదు. నిన్న తాగిన రుచే నేడూ దక్కాలి. వీటన్నిటికంటే కష్టమైనది, ఇక చాలని మర్యాదగా చెప్పగల విచక్షణ. ఇవన్నీ పనితనానికి సంబంధించినవి. పనితనం ఉన్న బార్ మంచి బార్ అవుతుంది. గొప్పదనానికి ఇంకొక పరీక్ష ఉంది. ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది, లోపల ఎవరి పక్కన ఎవరు కూర్చోగలుగుతారు అన్నదే ఆ పరీక్ష.

ఈ పరీక్ష పెట్టడానికి జంషెడ్‌పూర్ కంటే తగిన నగరం అరుదు. 1907లో ఏర్పడిన ఉక్కు కంపెనీ చుట్టూ, సాక్చీ అనే ఊరి నేలమీద గీత గీసినట్టు కట్టిన నగరమది. 1912లో కొలిమి నుంచి తొలి ఉక్కు వచ్చింది. అదే ఏడు అక్కడ ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. 1919లో ఊరికి వ్యవస్థాపకుడి పేరు పెట్టారు. 1928 సమ్మె కాలంలో సుభాష్ చంద్ర బోస్ అక్కడి కార్మిక సంఘానికి నాయకత్వం వహించాడు. రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు కద్మాలో, బిష్టుపూర్‌లో స్థిరపడి, గుళ్లూ సంఘాలూ కట్టుకుని, నాలుగైదు తరాలుగా అక్కడివారే అయిపోయాయి. కొలిమి దగ్గర బెంగాలీ, తెలుగు, ఒడియా, పంజాబీ, సంతాలీ చేతులు కలిశాయి. సాయంత్రమయ్యేసరికి మాత్రం అవి విడిపోయాయి. కంపెనీ నగరంలో క్వార్టరు సైజు హోదాను చెప్పినట్టే, క్లబ్బు సభ్యత్వమూ చెప్పింది.

పైగా నగర ప్రధాన భాగానికి ఈనాటికీ ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. ఎంపీని, ఎమ్మెల్యేను ఎన్నుకునే పౌరుడికి తన వీధి దీపం గురించి నిలదీయడానికి కార్పొరేటర్ లేడు. అలాంటి ఊళ్లో నలుగురు సమానంగా కూర్చుని వాదించుకునే చోటు, అది టీ కొట్టయినా బార్ అయినా, విలాసం అనిపించుకోదు. అది లేని సభకు ప్రత్యామ్నాయం.

అయితే ఆ ప్రాంతపు అసలైన పానశాలకు గోడలూ లేవు, లైసెన్సూ లేదు. వండిన అన్నాన్ని ఆరబెట్టి, రాను అనే మూలికల బిళ్లను పొడిచేసి కలిపి, కొన్ని రోజులు పులియనిచ్చి, నీళ్లతో వడగట్టే హండియా సంత పక్కన చెట్టు కింద కుండల్లో అమ్ముడవుతుంది. అమ్మేది ఆదివాసీ స్త్రీ. తాగేవాడికి ముందు పూర్వీకులకు కొన్ని చుక్కలు దక్కుతాయి. 1948 నవంబరు 24న రాజ్యాంగ సభలో మద్యనిషేధంపై చర్చ జరిగినప్పుడు, ఈ కుండ తరఫున లేచి నిలబడినవాడు జైపాల్ సింగ్. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హాకీ జట్టు నాయకుడు. బియ్యపు కల్లు ఆదివాసీ మతాచారంలో భాగమనీ, అది లేనిదే సంతాలు కూలీతో వరినాట్లు వేయించలేరనీ ఆయన వాదించాడు. అది ఆదేశిక సూత్రం మాత్రమేననీ, ఎప్పుడు అమలు చేయాలన్నది రాజ్యాల ఇష్టమేననీ అంబేద్కర్ బదులిచ్చాడు. ఆ సూత్రమే 47వ అధికరణంగా నిలిచింది.

తెలుగు పాఠకుడు ఇక్కడ దూబగుంటను గుర్తు చేస్తాడు. చేయాలి కూడా. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా కొట్లు మూయించింది సంస్కృతి మీద కోపంతో కాదు, ఇంట్లో మిగలని కూలి డబ్బుల కోసం, ఒంటిమీద దెబ్బల కోసం. 1995లో వచ్చిన నిషేధం 1997లో సడలిపోయింది కానీ ఆ స్త్రీలు అడిగిన ప్రశ్న సడలలేదు. ఆ ప్రశ్న ముందు జైపాల్ సింగ్ వాదన కూడా జవాబు వెతుక్కోవలసిందే. హండియా కుండ పక్కనా తాగి పడిపోయినవాళ్లుంటారు, వాళ్ల ఇళ్లలో ఆకలీ ఉంటుంది.

2020లో ఝార్ఖండ్ ప్రభుత్వం ఫూలో ఝానో పేరిట ఒక పథకం ప్రారంభించింది. 1855 సంతాల్ తిరుగుబాటు వీరవనితల పేరది. హండియా అమ్మే స్త్రీలకు వడ్డీలేని రుణమిచ్చి, గౌరవప్రదమైన జీవనోపాధికి మళ్లించడం దాని ఉద్దేశం. రోడ్డు పక్కన కూర్చోవలసి రావడంలోని కష్టం నిజం కనుక ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ మాట వెనక ఒక తేడా దాగి ఉంది. గోవా తన ఫెనీని 2016లో వారసత్వ పానీయంగా ప్రకటించుకుంది. మధ్యప్రదేశ్ ఇప్పపూల సారాను సీసాల్లో నింపి వారసత్వమని అమ్ముతోంది. ఒకే అడవి పువ్వు చల్లని గాజు గ్లాసులో చేరితే వారసత్వం, కుండలో ఉంటే సామాజిక సమస్య. మారింది పువ్వు కాదు, అమ్మేవారి కులమూ కొనేవారి జేబూ.

కనుక జంషెడ్‌పూర్‌లో రేపు ఎవరైనా గొప్ప బార్ తెరిస్తే దాన్ని కొలవవలసిన కొలత ఇది. బిష్టుపూర్‌లో షిఫ్టు దిగివచ్చిన ఒప్పంద కార్మికుడు, ఆఫీసరు పక్క కుర్చీలో సంకోచం లేకుండా కూర్చోగలగాలి. స్త్రీ ఒంటరిగా వచ్చి, ఎవరి చూపులకూ జవాబు చెప్పకుండా వెళ్లగలగాలి. వద్దన్నవాడికి నిమ్మకాయ సోడా అంతే మర్యాదతో రావాలి. జాబితాలో ఇప్పపువ్వు ఉంటే, దాన్ని ఏరిన చేతికి దక్కిన ధర ఎంతో ఆ జాబితాలోనే రాసి ఉండాలి.

మొదటి మూడూ ఖర్చు లేనివి. నాలుగోదానికే యజమాని వెనకాడతాడు.