ఎన్నయ్యాయి?

నవంబర్ చివరికొచ్చేసరికి పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళ పలకరింపు మారిపోతుంది. "బాగున్నారా?" అన్న వెంటనే "ఎన్నయ్యాయి?" అని వచ్చిపడుతుంది. జనవరి ఒకటిన ఊపు మీద "వారానికొకటి, ఏడాదికి 52" అని గుడ్‌రీడ్స్‌లో రాసేసుకున్నవాళ్ళు ఇప్పుడు ఆ యాప్ తెరవడానికే జంకుతున్నారు. తెరిస్తే చాలు, అనుకున్నదానికి ఎన్ని పుస్తకాలు వెనకబడ్డారో చెప్పేస్తుంది మరి. 2011 నుంచీ ఏటా నడుస్తున్న తంతే ఇది. ఆగస్టు దాకా ముందున్నవాళ్ళు కూడా దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు, వరస పెళ్ళిళ్ళు దాటేసరికి చతికిలపడతారు. పంక్తిలో విస్తరి ముందు కూర్చుని నవల చదవలేం కదా!

మా చదువరుల బృందంలో ఒకావిడ లెక్క డైరీలోనే రాసుకుంటుంది. లక్ష్యం 24, అయినవి 17. "మిగిలిన ఏడూ ఏం చదవను?" అని అడగడం పాపం, తలా ఒక సలహా. ఎక్కువమంది చెప్పింది ఒకటే: సన్నవి ఏరుకో, గబగబా అయిపోతాయి. నాకు పేచీ ఉన్నది సరిగ్గా అక్కడే. ఈ లెక్కలో చలం 'మైదానం' ఒకటి, విశ్వనాథ 'వేయిపడగలు' కూడా ఒకటే. మొదటిది ఒక్క ఆదివారం చాలు. రెండోది మొదలుపెడితే సంక్రాంతి దాకా దిండు పక్కనే ఉంటుంది. అంకె కోసం చదివేవాళ్ళు ఆ పెద్ద పుస్తకం జోలికి ఏ ఏడూ పోరు. అలా ఎన్ని ఇళ్ళలో అది బీరువా పై అరకే అంకితమైపోయిందో!

అలాగని సన్నవన్నీ తేలికని కాదు. రావిశాస్త్రి 'అల్పజీవి' చిన్న నవలే, కానీ ఆ సుబ్బయ్య పిరికితనం చదువుతుంటే మధ్యమధ్య పుస్తకం మూసి లేచి తిరగాలనిపిస్తుంది. అంపశయ్య నవీన్ 'అంపశయ్య'లో జరిగేది ఉస్మానియా క్యాంపస్‌లో ఒక విద్యార్థి ఒక్క రోజు జీవితం, అంతే. ఒక్క రోజేగా అని ఒక్క రోజులో ముగిద్దామనుకుంటే మాత్రం కుదరదు.

ఆవిడకి నేను మొదట చెప్పింది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల. 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి మూలం ఇదే. సినిమా చూశాం, కథ తెలుసు అనుకునేవాళ్ళే ముందు చదవాలి. ఇందిర లాంటి అమ్మాయి, ఎవరి సానుభూతీ అడగని మనిషి, అప్పటి నవలల్లో అరుదు. ఆ బరువు దిగాక మొక్కపాటి 'బారిష్టరు పార్వతీశం'. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకి బయల్దేరిన ఆ కుర్రాడి కథ మొదటి భాగం 1924లో వచ్చింది. మొత్తం మూడు భాగాలు కాబట్టి మూడుగా లెక్కేసుకోవచ్చా అని ఆవిడ అడిగింది. వేసుకోమన్నాను, పుస్తకాలు విడివిడిగా ఉంటే! తక్కినవాటికి కథల సంపుటాలు. చాసో కథలు రోజుకి రెండు చాలు; అంతకు మించి చదివితే 'ఎందుకు పారేస్తాను నాన్నా' లాంటి కథకి అన్యాయం చేసినట్టే.

ఇంకో తగువు: విన్నవి లెక్కా? దాసుభాషితం ఆడియో పుస్తకాల యాప్‌లో వంట చేస్తూ, బస్సులో కూర్చుని నవలలు వినేవాళ్ళని "మీది చదువు కాదు" అనేవాళ్ళు మా బృందంలో ఇద్దరున్నారు. పురాణాలు, హరికథలు విని పెరిగిన జాతి మనది. నా మటుకు విన్నవీ లెక్కే. మళ్ళీ చదివినవీ లెక్కే. లక్ష్యం మధ్యలో తగ్గించుకోవడానికి గుడ్‌రీడ్స్ కూడా ఒప్పుకుంటుంది, అందులో పరువు తక్కువేం లేదు.

గ్రంథాలయ వారోత్సవాలు మొన్న 20వ తేదీతో అయిపోయాయి. ఉపన్యాసాల మాటెలా ఉన్నా, కొన్న పుస్తకం కంటే శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకమే ముందు చదువుతామని నా నమ్మకం. దాని మీద తిరిగిచ్చే తేదీ ఉంటుంది.

ఇక హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబర్‌లోనే, అది ముగిసిన కొద్ది రోజులకే జనవరి మొదట్లో విజయవాడది. రెండు చోట్లా సంచులు నిండడం ఖాయం. వెళ్ళేముందు ఇంట్లో బీరువాని ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్ళండి. ఉన్న పుస్తకమే మళ్ళీ కొనకుండా ఉంటారు.