గాజులు తీశావా?

"ఈ వయసులో నీకు లేతు మిషనేమిటోయ్?" అని నవ్వారు మావారు. ఆయన నవ్వినందుకు నాకేం కోపం రాలేదు. ఇంటర్‌తో చదువాపేసి, ఇరవై మూడేళ్ళుగా వంటిల్లే లోకమనుకున్న మనిషి ఉన్నట్టుండి కర్రలు చెక్కుతానంటే ఎవరికైనా నవ్వే వస్తుంది కదా!

అసలు సంగతేమిటంటే, మా పుట్టిల్లు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. లక్క బొమ్మలకు పెట్టింది పేరు. మా నాన్నది ఆ పనే. అంకుడు కర్రను లేతుకు బిగించి ఉలి ఆనించారంటే ఉల్లిపొరలాంటి తెల్లటి పొట్టు గాల్లోకి లేచేది. చూస్తుండగానే ఒక బొంగరమో, కుంకుమ భరిణో తయారయ్యేది. అది తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్రకు పట్టేది. ఆ పైన మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరిసేది.

ఆ ఆకులు కోసి అందించడం వరకే నా పని. ఉలి ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఓణీ వేసుకుని మిషను దగ్గరికి రాకమ్మా" అని కసిరేవారు. తమ్ముడికి మాత్రం నేర్పారు. వాడేమో విశాఖలో కంపెనీ ఉద్యోగంలో చేరిపోయాడు. నాన్న పోయాక ఆ లేతు పాకలో దుమ్ము కొట్టుకుపోయింది.

2025 జనవరి 26న టీవీలో ఢిల్లీ కవాతు చూస్తున్నాం. మన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు! "అమ్మాయ్, మీ ఊరి బొమ్మలే" అన్నారు అత్తయ్యగారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మా బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడూ, చెట్ల నుంచి తీసిన రంగులతో ఈ కళను నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడూ సంతోషించాను. కానీ ఆ రోజు మాత్రం నాన్న చేతులే కళ్ళముందు కదిలాయి. సరిగ్గా వారం తిరక్కుండా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న లేతు పాత ఇనుము కింద అమ్మేస్తున్నాను" అన్నాడు.

"అమ్మకురా. నాకు పంపించు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు!

లేతు వచ్చింది. దాంతోపాటే ఖర్చూ వచ్చింది. చీటీ పాడి తెచ్చిన డబ్బుతో ఒక్కొక్కటీ అమర్చుకున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి సరదా ఉంటే పనికొస్తుందని ఆ వివరాలు చెబుతున్నాను.

ముందు చోటు. పెరటి వసారాలో వెలుతురు బాగా పడే మూల చూసి, సిమెంటు దిమ్మ కట్టించి, లేతును బోల్టులతో బిగించాం. మిషను కదిలిందంటే ఉలి కూడా కదులుతుంది, పని పాడవుతుంది. అర హార్స్‌పవర్ మోటారు కొన్నాం. దాని కప్పీకి మూడు మెట్లుంటాయి. బెల్టును ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు మారిస్తే వేగం మారుతుంది. లావు కర్రకు నెమ్మదిగా, సన్న కర్రకు వేగంగా తిప్పాలి. పాలు కాచేటప్పుడు మంట తగ్గించమూ? అలాగే! స్విచ్చి ఎడమ చేతికి అందేచోట పెట్టించాను. ఎర్త్ వైరు తప్పనిసరి.

ఇక ఉలులు. నాన్నవి నాలుగు మిగిలాయి. మొరటుగా చెక్కడానికి గుండ్రటి మూతిది, నునుపు చెయ్యడానికి ఏటవాలు మూతిది, లోపల తొలవడానికి వంపుది, చివర్లో కోసి విడదీయడానికి సన్నటిది. మొండి కత్తిపీటే చెయ్యి కోస్తుందని మనకు తెలుసు కదా, మొండి ఉలీ అంతే. సాన పట్టేటప్పుడు ప్రతిసారీ ఒకే వాలు రావడం నాకు చేత కాలేదు. అందుకని ఆ వాలుకి సరిపడా ఒక చెక్క ముక్క కోయించి సానరాయి ముందు బిగించాను. ఉలిని దాని మీద ఆనిస్తే చాలు, వాలు తప్పదు.

ఇలాంటి చిన్న చిన్న ఉపాయాలే నా అసలు ఆస్తి. భరిణెలన్నీ ఒకే కొలతలో రావాలంటే ఏం చేశానో తెలుసా? ఒక బద్దకు కొలత ప్రకారం మేకులు కొట్టి, వాటి మొనలు పదును పెట్టాను. తిరుగుతున్న కర్రకు ఆ బద్దను మెల్లగా తాకిస్తే ఎక్కడెక్కడ చెక్కాలో అక్కడ గీతలు పడతాయి. గవ్వల పీట మీద అన్ని గవ్వలకూ ఒకే చారలు వచ్చినట్టన్నమాట. మూత పైభాగం నునుపు చెయ్యడానికి, మూత లోపలికి బిగుతుగా పట్టేలా ఇంకో కర్ర దిమ్మ చెక్కుకున్నాను. మూతను దానికి తొడిగి తిప్పుకోవడమే. అవసరం తీరాక ఊడదీసుకోవచ్చు.

అన్నీ అమిరాయి. ఒక్కటే అమరలేదు. అవి నా గాజులు!

లేతు దగ్గర గాజులు ఉండకూడదని నాకు తెలుసు. కానీ మొదటిరోజు గాజులు తీసేసరికి అత్తయ్యగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "ముత్తైదువువి, బోసి చేతులతో పని మొదలెడతావా?" అన్నారు. ఆవిడ కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. మామయ్యగారు పోయినప్పుడు తన చేతులు ఎలా బోసిపోయాయో ఆవిడకు గుర్తొచ్చిందేమో. నేనేం మాట్లాడలేకపోయాను. గాజులు మళ్ళీ వేసుకుని, మోచేతి దాకా తోసి, రబ్బరు బ్యాండు పెట్టుకున్నాను. కొంగు బొడ్లో దోపుకున్నాను. చాలనుకున్నాను.

చాలదు. ఒక మధ్యాహ్నం, తిరుగుతున్న మిషను ఆపకుండా, కింద పడ్డ ఉలి కోసం వంగాను. కొంగు జారింది. అంతే, చటుక్కున కర్రకు చుట్టుకుంది. ఎవరో మెడ పట్టి లాగినట్టు ముందుకు పడ్డాను. నా అదృష్టం బాగుండి ఆ రోజు బెల్టు వదులుగా ఉంది. కీచుమని జారిపోయింది, కర్ర ఆగింది. స్విచ్చి కట్టేశాను. చీర చిరిగింది, మెడ మీద ఎర్రటి వాత తేలింది, రెండు గాజులు చిట్లి మణికట్టు కోసుకుంది. ఓణీ వేసుకుని దగ్గరికి రావద్దని నాన్న ఎందుకు కసిరేవారో అప్పుడు అర్థమైంది. కాకపోతే ఆ ఓణీకి బదులు ఇంకేదైనా వేసుకుని రమ్మని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

మావారు ఆ సాయంత్రమే మోటారు విప్పేస్తానన్నారు. నేను ఎదురు చెప్పలేదు. చెప్పే మొహం లేదు. అత్తయ్యగారు నా మణికట్టుకు పసుపు అద్దుతూ ఒక్క మాటా మాట్లాడలేదు. రెండురోజులు అలాగే గడిచాయి.

మూడోరోజు పొద్దున కుట్టు మిషను చప్పుడుకి మెలకువ వచ్చింది. అత్తయ్యగారు! మావారి పాత చొక్కా ముందేసుకుని, దాని చేతులు మోచేతి దాకా కత్తిరించి, అంచున ఎలాస్టిక్ కుడుతున్నారు. "ఇది పంజాబీ డ్రెస్సు మీద వేసుకో. చున్నీ వద్దు. పుస్తెలు లోపలికి వేసి పైదాకా గుండీలు పెట్టుకో. జుట్టు ముడి వేసుకో" అన్నారు. ఆగి, నా చేతుల కేసి చూస్తూ అన్నారు. "చేతులుంటే గాజులు మళ్ళీ వేసుకోవచ్చు. తీసి ఎక్కడ పెడతావు? నేల మీద పెట్టకు."

మావారు మోటారు విప్పలేదు. తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేదు మరి!

దాంతో నేను పూర్తిగా చేసిన మొదటి వస్తువు భరిణె కాదు, గాజుల స్టాండు. జానెడు ఎత్తు, గుండ్రటి పీట, కొసన మొగ్గ. పసుపు కలిపిన లక్కతో రంగేశాను. మొగలి ఆకు అత్తయ్యగారే పట్టుకున్నారు, మిషను ఆపకుండా వంగనని నాచేత ఒట్టు వేయించుకుని మరీ. ఇప్పుడది స్విచ్చి పక్కనే ఉంటుంది. గాజులు దానికి తొడిగితేగాని స్విచ్చి మీద చెయ్యి వెయ్యను.

ఆ శ్రావణమాసంలో మా వీధిలో వరలక్ష్మీ వ్రతానికి ఇరవై ఒక్క భరిణెలు చేసిచ్చాను. మొదటి రెండింటికీ మూతలు వదులయ్యాయి. అవి మా ఇంట్లోనే ఉన్నాయి, ఒకదాంట్లో సూదులు, ఇంకోదాంట్లో హుక్కులు వేసుకున్నాను.

రోజూ మధ్యాహ్నం వసారాలోకి వెళ్తున్నానా, వంటింట్లోంచి ఒక కేక వినిపిస్తుంది.

"అమ్మాయ్, గాజులు తీశావా?"

"తీశానత్తయ్యా" అంటాను. అప్పుడు స్విచ్చి వేస్తాను.