ఉంగరాల జుట్టుకూ క్యూరింగ్ కావాల

అహ్మదీ నుంచి ఈసారి అకామా గురించి కాదు, జీతాల గురించి కాదు, జుట్టు గురించి. నవ్వకండి. ఉంగరాల జుట్టు ఉన్న తమ్ముళ్ళకూ, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాం.

మా సైట్లో మమ్మల్ని కలుపుకుని ఈ జుట్టోళ్ళం ఐదుగురం. ఊళ్ళో "పుట్టపర్తి బాబా" అని పిలిపించుకున్న బాపతే అందరం. ఇక్కడ ఇంకో పేరు పెట్టినారు, అంట్లు తోమే పీచు అని. కొత్తగా వచ్చిన కడప పిల్లోడికి ఆరు నెలల్లో జుట్టు నిజంగానే పీచు అయిపోయింది. ఇంటికాడ సంబంధాలు చూస్తావున్నారు, వీడియో కాల్లో టోపీ తీయడు. "గుండు కొట్టించు, పీడా పోతుంది" అన్నాడు ఒక ఫోర్‌మన్. తిరుపతిలో మొక్కు తీర్చుకుని గుండు కొట్టించుకోవడం వేరు, ఎవడో నవ్వినాడని కొట్టించుకోవడం వేరు.

నవ్వులు సరే. మా అసలు భయం హెల్మెట్. తల దురద పెడితే ఆ పిల్లోడు స్కఫోల్డింగ్ కిందనే హెల్మెట్ తీసి గీక్కుంటాడు. పైనుంచి క్లాంపు పడేదానికి అర నిమిషం చాలు. అందుకే ఇది సోకు మాట కాదు అంటున్నాం.

తలలో ఊరే నూనె తిన్నని వెంట్రుక మీద కొస దాకా జారుతుంది. మెలికల వెంట్రుక మీద జారదు, మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి మన జుట్టు కుదుళ్ళ దగ్గర జిడ్డు, కొసల దగ్గర ఎండు. ఊళ్ళోనే అట్లుంటే ఈ దేశంలో చెప్పాల్నా? 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టింది, ప్రపంచ వాతావరణ సంస్థ ఖాయం చేసిన లెక్క అది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని బంద్. బయట వడగాలి, దుమ్ము. రూముకొస్తే ఏసీ, అది గాలిలో ఉండే కాస్త తేమనూ లాగేస్తుంది.

స్లాబ్ పోసినాక మనం ఏం చేస్తాం? తడిపి, గోనెపట్టాలు కప్పి, తడి పోకుండా చూస్తాం. ఎండిన కాంక్రీటు మీద పట్టా కప్పితే ఏం లాభం? జుట్టూ అంతే. నూనె తడి ఇయ్యదు, ఉన్న తడిని పోనీకుండా కాస్తుంది. ఎండిన జుట్టుకు నూనె పట్టించి "ఏం పని చేయలేదన్నా" అంటే ఎట్లా? స్నానం అయినాక, తడి ఉండగానే, నాలుగైదు చుక్కలు అరచేతిలో రుద్ది కొసలకు పెట్టాల. కుదుళ్ళకు వద్దు, హెల్మెట్ కింద చెమటతో కలిసి దురద ఎక్కువైతుంది. చుండ్రు ఉంటే అసలే వద్దు. దానికి ఫార్మసీలో కీటోకొనజోల్ షాంపూ అడగండి, ఐదు నిమిషాలు ఉంచి కడగాల.

ఏ నూనె అంటే కొబ్బరి నూనే. 2003లో మన ముంబై పరిశోధకులు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూసినారు. వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే, అది లోపలికి దిగుతుంది కాబట్టి. (ఆ పరిశోధకులు నూనె అమ్మే కంపెనీ వాళ్ళే అనుకోండి. అయినా మా అమ్మ మాట, వాళ్ళ మాట ఒకటే అయింది.)

కండీషనర్ అంటే ఆడోళ్ళ సామాను అని సిగ్గుపడేటోళ్ళు ఉన్నారు. మన అమ్మలు కుంకుడుకాయతో తల రుద్ది, చివర్న మందారాకు జిగురు పెట్టేవాళ్ళు కదా, అదే కండీషనర్. జమియాలో చవక రకం చాలు. షాంపూ కడిగినాక కొసలకు పెట్టి, తడి మీదనే వెడల్పు పళ్ళ దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీయండి. ఎండిన జుట్టును సన్న దువ్వెనతో లాగితే తెగేది జుట్టే. ఒంటి సబ్బు తలకు రుద్దొద్దు. బట్టల పౌడరుతో తల కడిగేవాళ్ళను కూడా చూసినాం, వాళ్ళకేం చెప్పాల!

ఇంక నీళ్ళ సంగతి. "కువైట్ నీళ్ళకు జుట్టు పోయింది" అని అందరూ అంటారు. ఈ దేశంలో నది లేదు, తాగే నీళ్ళు సముద్రంలోవి, ఉప్పు తీసినవి.  భూమిలోంచి తీసి చెట్లకు, కడగడానికి వాడే ఉప్పు నీళ్ళు వేరు, వాటిలో సబ్బు తెట్టు కట్టి జుట్టు మీద ఉండిపోతుంది. సైట్లో ఆ పైపు కింద తల పెట్టొద్దు.

రాలిన వెంట్రుకను ఒకసారి చూడండి. మొదట్లో తెల్లటి బొడిపె ఉంటే కుదురు నుంచి ఊడింది. లేకుంటే మధ్యలో విరిగింది, దానికే పైన చెప్పినవన్నీ. కుదురు నుంచి ఊడేది చాలామందికి వచ్చిన రెండు మూడు నెలలకు మొదలవుతుంది. ఇల్లు విడిచిన దిగులు, తిండి తప్పడం, మధ్యలో ఒక జ్వరం, వీటి లెక్క తలమీద అంత ఆలస్యంగా తేలుతుంది. నీళ్ళ మీద నింద పడుతుంది. తిండి, నిద్ర కుదిరితే మళ్ళీ మొలుస్తుంది. గుండ్రంగా పైసా బిళ్ళంత ఊడితే మాత్రం క్లినిక్‌కు పోండి.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. పొద్దస్తమానం తలగుడ్డ కట్టి ఉంచాల్సిన ఇల్లయితే తడి జుట్టును బిగించి ముడి వేయొద్దు. వదులుగా జడ వేసి, రాత్రి గుడ్డ తీసి ఆరనీండి. నెత్తి మీద బిగించి లాగితే నుదుటి దగ్గర పలచబడుతుంది.

తమ్ముళ్ళూ, హెల్మెట్ కింద పల్చటి నూలు గుడ్డ ఒక్కటే, రోజూ ఉతికింది. తువ్వాలు మడత పెట్టి కుక్కొద్దు, జుట్టు పైన ముడి వేయొద్దు. చిప్పకూ లోపలి పట్టీలకూ మధ్య ఖాళీ ఉంది చూడండి, దెబ్బ ఆగేది అక్కడే. పట్టీలు సబ్బుతో కడగడం వారానికి ఒకసారి, శుక్రవారం సెలవు రోజు మా రూములో అందరం చేస్తాం.

ఎండాకాలం మేడ మీది ట్యాంకు నీళ్ళు కాలుతుంటాయి, ఆ నీళ్ళు తలకు పోసుకుంటే ఉన్న జిడ్డూ పోతుంది. గీజర్ స్విచ్ ఆపేసి, వేడి నీళ్ళ ట్యాప్ తిప్పండి. గీజర్లో నిలిచి చల్లారిన నీళ్ళు వస్తాయి. ఒక్క గీజర్‌కు ఇద్దరు, ముగ్గురి కంటే ఎక్కువ సరిపోవు, కాబట్టి ముందు లేచినోడిదే అదృష్టం.