గ్యాస్ ఖర్చయ్యేది కాదు బేటా

మా కారు ఏసీలోంచి వేడి గాలి వస్తోందని ముందు తెలిసింది నాకు కాదు, అమ్మీకి. తెలిసి కూడా వారం రోజులు నోరు విప్పలేదు.

అమ్మీకి వారానికి మూడు రోజులు డయాలసిస్. మాది డోన్. కర్నూలు ఆస్పత్రికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి. ఫజర్ కాగానే బయల్దేరతాం. మిషన్ మీద నాలుగు గంటలు. తిరిగి కారెక్కేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. డయాలసిస్ అయ్యాక మనిషి పిండేసిన బట్టలా ఉంటుంది. పైగా నీళ్లు ఇష్టమొచ్చినట్టు తాగకూడదు. చాయ్, మజ్జిగ, సాలన్‌లో షోర్బా అన్నీ కలిపి రోజుకు ఇంతే అని డాక్టరు లెక్క కట్టి ఇచ్చాడు. ఎండలో మనకు దాహమేస్తే బాటిలెత్తి గటగటా తాగేస్తాం. ఆమెకు ఆ ఇజాజత్ లేదు. అందుకే మా ఇంట్లో కారు ఏసీ అంటే షౌఖ్ కాదు, జరూరత్.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వెల్దుర్తి దాటాక ఎందుకో ఏసీ జాలీ దగ్గర చెయ్యి పెట్టాను. గాలి జోరుగానే వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. అద్దంలో వెనక్కి చూస్తే అమ్మీ దుపట్టా కొంగు తడిపి మొహం మీద కప్పుకుని ఉంది. తాగడానికని ఇచ్చిన బాటిల్లో నీళ్లు తాగకుండా కొంగు మీద పోసుకుంది.

"అమ్మీ, వేడిగా ఉందా?"

"నక్కో బేటా, ఏసీ బంద్ కర్. ఖిడ్కీ తీయ్, హవా చాలు."

ఏప్రిల్ నెల హైవే మీద కిటికీ తీస్తే వచ్చేది హవా కాదు, తందూర్ మూత తీసినప్పటి సెగ.

మర్నాడే డోన్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. "గ్యాస్ అయిపోయింది భాయ్" అన్నాడతను. "జల్దీ కొట్టు, రేపు ఆస్పత్రికి పోవాలి" అన్నాను. పదిహేను నిమిషాల పని. పద్దెనిమిది వందలు. ఏసీ ఐసు గడ్డలా అయింది. మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ అదే వేడి. మళ్లీ అక్కడికే వెళ్లాను, మళ్లీ గ్యాస్, మళ్లీ పద్దెనిమిది వందలు. ఈసారి పద్నాలుగు రోజులే ఆగింది. ఇంకో షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి చూసి, "కంప్రెసర్ ఖతం. ఇరవై రెండు వేలు అవుతుంది" అన్నాడు.

డబ్బు సర్దమని మామూకు ఫోన్ చేశాను. అంతా విని, "పైసలు ఇస్తాలే గానీ, ముందు కర్నూల్లో ఉస్తాద్‌కు ఒక్కసారి చూపించు" అన్నాడు.

ఆ తర్వాతి డయాలసిస్ రోజు అమ్మీని మిషన్ మీద పడుకోబెట్టి, కొండారెడ్డి బురుజు దాటి ఆ దుకాణం వెతుక్కుంటూ పోయాను. అరవై దాటిన మనిషి. సలాం చేసి, కంప్రెసర్ పోయిందట అని చెప్పాను.

"ఎవరు చెప్పారు? చెయ్యి పెట్టి చూశారా, కంటితో చూసి చెప్పారా?"

నా దగ్గర జవాబు లేదు.

"గాలి తక్కువగా వస్తుందా, వేడిగా వస్తుందా?" అని రెండో సవాల్ అడిగాడు. ఆ రెండూ వేరు వేరు జబ్బులట. గాలే సరిగ్గా రాకపోతే డ్యాష్‌బోర్డు వెనక ఉండే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండాలి, లేదా గాలి తోసే బ్లోయర్ మోటారు నీరసించి ఉండాలి. గాలి బాగా వస్తూ వేడిగా ఉంటే చల్లబరిచే వైపు చూడాలి. మూడో సవాల్: "రోడ్డు మీద పోతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతుందా?" అలాగైతే ముందు చూడాల్సింది ఫ్యాను. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చెయ్యాలి. మాది ఆగినా, పరిగెత్తినా ఒకటే వేడి.

ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేయించాడు. ఫ్యాను తిరిగింది. కంప్రెసర్ వైపు చూపించాడు. ఏసీ లేకున్నా బెల్టుతో పాటు దాని చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేస్తే టక్‌మని చప్పుడై, ముందున్న పళ్లెం కూడా చక్రాన్ని పట్టుకుని తిరగాలి. మాది తిరగడం లేదు. నా గుండె జారింది. ఇరవై రెండు వేలు ఖాయం అనుకున్నాను.

ఉస్తాద్ నవ్వాడు. "దీన్ని చూసే అతను ఖతం అన్నాడు. గ్యాస్ మరీ తక్కువైతే ఒక స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. గ్యాస్‌తో పాటే లోపల నూనె తిరగాలి. గ్యాస్ లేకుండా నడిస్తే నూనె అందక కంప్రెసర్ నిజంగానే చస్తుంది. అది చావకుండా ఆపారు, అంతే."

మీటరు పెట్టి చూశాడు. గ్యాస్ దాదాపు ఖాళీ.

"మొన్ననే పోయించాను కదా ఉస్తాద్, ఇంత తొందరగా అయిపోతుందా?"

"గ్యాస్ పెట్రోలు కాదు బేటా, ఖర్చవడానికి. లోపలే తిరుగుతుంటుంది. తక్కువైందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కారేది చూడకుండా పోస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే."

టార్చి వేసుకుని పైపుల వెంట వేలితో రాసుకుంటూ పోయాడు. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌కు పైపు కలిసే చోట వేలు ఆపి నాకు చూపించాడు. నల్లగా, జిడ్డుగా ఉంది. గ్యాస్ కారితే దాంతో పాటు నూనె కూడా బయటికొచ్చి, దాని మీద దుమ్ము పడుతుందట. నైట్రోజన్ ఎక్కించి అక్కడ సబ్బు నీళ్లు పూశాడు. చిన్న చిన్న బుడగలు. లోపల ఎండిపోయి పగిలిన ఒక రబ్బరు రింగు. పిల్లల ఉంగరమంత ఉంది.

రింగు మార్చి, వ్యాక్యూమ్ పంపు పెట్టి అరగంట నడిపాడు. లోపల గాలి, తేమ ఉంటే ఏసీ సరిగ్గా పని చెయ్యదని, అది తియ్యకుండా గ్యాస్ పొయ్యకూడదని చెప్పాడు. పంపు ఆపి ఇంకో ఇరవై నిమిషాలు ముల్లు కదులుతుందేమో చూశాడు. కదల్లేదు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో చదివి, సిలిండర్‌ను తరాజు మీద పెట్టి అంతే పోశాడు. ఎక్కువైనా చల్లబడదట. పళ్లెం టక్‌మంది. కాసేపటికి లావు పైపు మీద చెమట పట్టింది. అన్నీ కలిపి రెండు వేల ఆరు వందలు తీసుకున్నాడు.

డోన్ మిస్త్రీ నన్ను దగా చేశాడని గుస్సాగా అన్నాను. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "సగం ఖతా అతనిది, సగం నీది. నెత్తిన నిలబడి జల్దీ జల్దీ అంటే ఎవడైనా గ్యాసే కొడతాడు. లీకు వెతకడానికి టైము కావాలి. నువ్వు ఇచ్చావా?" అన్నాడు.

ఇవ్వలేదు. టైము లేదనుకున్నాను. ఆస్పత్రి హాల్లో ఫోను చూసుకుంటూ కూర్చున్న ఆ నాలుగేసి గంటలు వారానికి మూడుసార్లు నా చేతిలోనే ఉన్నాయి. కారు బయట ఎండలో ఖాళీగా నిలబడే ఉంది.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లనో, పసిపిల్లలనో ఎండలో తిప్పే కారు ఉంటే ఈ నాలుగు మాటలు యాద్ పెట్టుకోండి. షెడ్డుకు పోయేముందు ఫిల్టరు, ఫ్యాను, కంప్రెసర్ పళ్లెం మీరే చూడండి. ఇంజన్ నడుస్తుంటే ఫ్యాను, బెల్టు దగ్గరికి చెయ్యి, దుపట్టా పోనివ్వకండి. కండెన్సర్ జాలీలో మట్టి, పురుగులు పేరుకుంటే ఇంజన్ చల్లారాక మెల్లగా నీళ్లు కొట్టి కడగండి. గ్యాస్ పైపులు మాత్రం మీరు విప్పకండి. ప్రెషర్‌తో ఉన్న గ్యాస్ కంట్లో పడితే కన్ను పోతుంది. లావు పైపు చల్లగా ఉండి కూడా లోపల వేడి గాలే వస్తుంటే గ్యాస్ జోలికి పోనివ్వకండి. వేడినీ చల్లదనాన్నీ కలిపే రెక్క డ్యాష్‌బోర్డు లోపల ఇరుక్కుని ఉండొచ్చు. "గ్యాస్ అయిపోయింది" అని ఎవరన్నా, "ఎక్కడ కారుతోంది?" అని అడగండి. జవాబు దొరికేదాకా పైసలు ఇవ్వకండి.

ఆ మధ్యాహ్నం అమ్మీని ఎక్కించుకునే ముందు తలుపులు తీసి, రెండు నిమిషాలు లోపలి వేడి బయటికి పోనిచ్చాను. వెల్దుర్తి వచ్చేసరికి ఆమె నిద్రపోయింది. ఆ దారిలో అమ్మీ నిద్రపోవడం ఆ వేసవిలో అదే మొదటిసారి. డోన్ దగ్గర పడ్డాక లేచింది.

"ఎంతయింది?"

చెప్పాను. ముందు దండగ పోసింది కూడా చెప్పాను.

"వేడిగా ఉందని నువ్వు మొదటి రోజే చెప్పాల్సింది అమ్మీ."

"చెప్తే పరేషాన్ అవుతావని" అంది. కాసేపాగి, దుపట్టా భుజాల చుట్టూ లాక్కుంటూ, "జర తగ్గించు, చలి పెడుతోంది" అంది.

ఇప్పుడు అమ్మీ ఎక్కకముందే ఏసీ వేసి, జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. ఆమెను అడగను. అడిగితే బాగానే ఉందంటుంది.