తొందర లేని అమ్మకం

ముప్పయ్యేళ్లుగా కంపెనీల లెక్కలు తనిఖీ చేస్తున్నాను. ఇంటిచాకిరీకి వెల ఎంత అన్న చర్చ మన మధ్య వచ్చినప్పుడల్లా నా టేబుల్ మీది పద్దులు గుర్తొస్తాయి. అక్కడ 'ఫెయిర్ వాల్యూ' అనే మాటకి చాలా ఖచ్చితమైన అర్థం ఉంది. న్యాయమైన విలువ అని తెలుగు చేసుకోవచ్చు గానీ, అందులో న్యాయం పాలు తక్కువ, బజారు పాలు ఎక్కువ.

ఒక ఆస్తిని ఈ రోజున, బజారులో, సక్రమంగా జరిగే లావాదేవీలో అమ్మితే ఎంత వస్తుంది? ఒక బాధ్యతను వేరొకరి నెత్తిన పెట్టాలంటే ఎంత ఇవ్వాలి? అదే ఫెయిర్ వాల్యూ. కొన్నప్పుడు ఎంత పెట్టామన్నది కాదు, వదులుకుంటే ఎంత వస్తుందన్నది ప్రశ్న. 2013లో అంతర్జాతీయంగా అమల్లోకి వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 13 పద్ధతే మన దగ్గర ఇండ్ ఏఎస్ 113 అయింది. 500 కోట్లు, ఆపైన నికర విలువ ఉన్న కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. దేన్ని ఇలా కొలవాలో వేరే ప్రమాణాలు చెప్తాయి, ఎలా కొలవాలో ఇది చెప్తుంది. అద్దెకిచ్చిన భవనాన్ని కంపెనీ కొన్న ధరలోంచి తరుగుదల తీసేసి పద్దులో చూపిస్తుంది. కానీ దాని ఫెయిర్ వాల్యూ ఎంతో కింద నోట్సులో రాసి తీరాలి.

కొలతకి మూడు మెట్లున్నాయి. స్టాక్ ఎక్స్చేంజీలో రోజూ చేతులు మారే షేరుకి అక్కడి ధరే ధర. అది మొదటి మెట్టు. అలాంటివే వేరే ఆస్తుల ధరలు, వడ్డీ రేట్లు చూసి కట్టేది రెండోది. చూడ్డానికి బయట ఏమీ దొరకనప్పుడు కంపెనీ తన అంచనాల మీద కట్టుకునేది మూడోది. మా తలనొప్పులన్నీ అక్కడే. ఏటా కోటి రూపాయలు ఎప్పటికీ వస్తాయనుకుంటే, 10 శాతం రేటు మీద దాని విలువ 10 కోట్లు. 12 శాతమైతే 8 కోట్ల 33 లక్షలు. ఆ రెండు శాతం కోసం ఏసీ గదిలో గంటల తరబడి వాదిస్తారు. (గదిలో ఆడదాన్ని చాలాసార్లు నేనొక్కదాన్నే. టీ ఎవరికి ఎలా కావాలో నన్నే అడుగుతారు.) అందుకే మూడో మెట్టు లెక్కకి ఏ అంచనాలు వాడారో, అవి మారితే విలువ ఎంత మారుతుందో కూడా బయటపెట్టాలి.

నాకు ఆ ప్రమాణంలో బాగా నచ్చిన చోటు ఒకటుంది. చేతికొచ్చిన ధర ఫెయిర్ వాల్యూ కాకపోవచ్చునని చెప్తూ కొన్ని సందర్భాలు ఇస్తుంది. లావాదేవీ సంబంధీకుల మధ్య జరిగితే ఆ ధరను అలాగే నమ్మకూడదు, బజారు షరతులతోనే జరిగిందని రుజువుండాలి. అమ్మేవాళ్లు ఒత్తిడిలో ఉండి, ఇచ్చిందే పుచ్చుకోవాల్సి వచ్చినా అంతే. కంపెనీల కోసం రాసిన వాక్యాలివి. చదివిన ప్రతిసారీ నాకు మా అక్కే కనిపిస్తుంది.

మాది పిత్రార్జితం పొలం. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి ఆంధ్రప్రదేశ్ సవరణ వాటా ఇచ్చింది, నేను అందులోకి వస్తాను. అక్కకి 1983లోనే పెళ్లయింది కనుక ఆ చట్టం ఆమెను వదిలేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో ఆమెకీ హక్కొచ్చింది. నాన్న పోయాక అన్నయ్యలు హక్కు విడుదల దస్తావేజు రాయించుకొచ్చారు. చెరో పట్టుచీర, పసుపు కుంకుమ, చెరి రెండు లక్షలు. అక్క సంతకం పెట్టేసింది. అప్పటికి బావ ఆపరేషన్ బిల్లు ఆమె మీద ఉంది. సంబంధీకులు, ఒత్తిడి – రెండు సందర్భాలూ ఒక్క కాగితంలోనే ఉన్నాయి. అయితే ప్రమాణం ఆ ధరను నమ్మొద్దని మాత్రమే చెప్తుంది. రిజిస్టరైన కాగితాన్ని వెనక్కి తేలేదు.

నేను సంతకం పెట్టలేదు. "వరి పొలమే కదమ్మా, ప్రభుత్వ విలువ ప్రకారం ఎంతొస్తుంది?" అన్నాడు పెద్దన్నయ్య. పొలం బైపాస్ రోడ్డుకి ఆనుకుని ఉంది. కంపెనీ భూమికైతే ఈ మాట చెల్లదు. ఇప్పుడు దేనికి వాడుతున్నారన్నది కాక, వీలై, చట్టం ఒప్పుకుని, గిట్టుబాటయ్యే వాటిలో మేలైన వాడకం ఏదో చూసి విలువ కట్టమంటుంది ప్రమాణం. అనుమతులు రాకపోవచ్చన్న భయానికి కొంత తగ్గించుకోవచ్చు, అదీ న్యాయమే. కానీ వరిగానే చూడాలని పట్టుబట్టడానికి లేదు.

"పుట్టింటి దారి మూసుకుంటావా?" అని కూడా అడిగాడు. ప్రమాణంలో అమ్మేవాళ్లకి పుట్టిల్లు ఉండదు. వాళ్లు స్వతంత్రులు, విషయం తెలిసినవాళ్లు, ఇష్టపడి వచ్చినవాళ్లు. అలాంటి మనిషిగా ఒక్క వారం ఉండి చూద్దామనిపించింది.

రిజిస్టరు కాగితాల్లో బయటి రేటు కనబడదని అందరికీ తెలుసు. అందుకని పక్క సర్వే నంబర్లలో ఈ మధ్య జరిగిన మూడు అమ్మకాల వివరాలు వాకబు చేశాను. బ్యాంకు అప్పు కోసం ఒకాయన తన పొలానికి కట్టించుకున్న విలువ కాగితం కూడా దొరికింది. నా వాటాకి, అక్క వాటాకి వేర్వేరుగా లెక్కలు కట్టి, అంచనాలన్నీ కింద రాసి పెద్దన్నయ్యకి పంపాను. ఆయన ఇంకా ఫోన్ చెయ్యలేదు. మొన్న రాత్రి వదిన చేసింది. తన పుట్టింటి పొలానికి ఇలా లెక్క కట్టాలంటే ఏమేం కాగితాలు కావాలని అడిగింది.